గౌరమ్మకు రాసిచ్చిన కాగితం

2022 ఫిబ్రవరి. నరసన్నపేటలో నేను క్లినిక్ పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. పుట్టిల్లు గజపతినగరం, మెట్టినిల్లు ఈ ఊరే. ఇంటి ముందు భాగంలో క్లినిక్, వెనక భాగంలో కాపురం, మధ్యలో ఒక్క తలుపు. తలుపుకి అవతల మా అత్తగారు, ఇవతల సిస్టర్ రమణమ్మ. ఇద్దరూ నన్ను అదుపులో పెట్టడానికే పుట్టారని నా అనుమానం.

జనరల్ మెడిసిన్ డాక్టరంటే ఏం చేస్తారని చాలామంది అడుగుతుంటారు. మేము కత్తి పట్టం, పురుళ్ళు పోయం. జబ్బేమిటో కనిపెట్టడమే మా పని. దాన్నే డయాగ్నోసిస్ అంటాం. ముందు రోగి చెప్పేది వినాలి, అది హిస్టరీ. తర్వాత కంటితో, చేత్తో, స్టెతస్కోపుతో చూడాలి, అది ఎగ్జామినేషన్. ఆ రెండూ అయ్యాక ఇది ఏయే జబ్బులు కావచ్చో మనసులో ఒక జాబితా వేసుకుని, అందులో కానివి కొట్టేయడానికి రక్తపరీక్షలు రాయాలి. ఆ జాబితాని డిఫరెన్షియల్ అంటాం. చదువుకునే రోజుల్లో అందులో మూడు పేర్లయినా లేకపోతే మా ప్రొఫెసరు వార్డులోంచి బయటికి పంపేసేవారు. ప్రాక్టీసులో పడ్డాక అలా పంపేవాళ్ళు ఉండరు. రోజంతా గుమ్మం నిండా జనం ఉండే చోట ఆ మూడు రెండవుతాయి, రెండు ఒకటవుతుంది. దానికి మనమే అనుభవం అని పేరు పెట్టుకుంటాం.

పైగా నాకు వేగమంటే గర్వం. గుమ్మం దాటి వస్తున్న మనిషిని చూసే జబ్బు చెప్పేస్తానని ఊళ్ళో పేరుండేది. ఎవరైనా ఆ మాట అంటే కాదనేదాన్ని కాదు సరికదా, లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

మా ప్రాంతం సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఉద్దానం ఇక్కడికి దూరం కాదు. ఆ కొబ్బరి, జీడి తోటల పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళని ఆర్పేసిందో ఈ జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. అందుకే ఈ వైపు ఎవరికైనా మొహం కాస్త ఉబ్బిందంటే ఇంట్లోవాళ్ళ నోట ఒకటే మాట, ఇరుగుపొరుగు నోట ఒకటే మాట. డాక్టరు నోటా అదే మాట వస్తుందని ఆ ఏడాది నాకు తెలిసొచ్చింది.

గౌరమ్మ మాకు కొత్త మనిషి కాదు. సముద్రపొడ్డు పల్లె నుంచి ఆటోలో వచ్చి మా ఊళ్ళో నాలుగు వీధుల్లో చేపలు అమ్మేది. నలభై మూడేళ్ళు ఉంటాయి. వారానికి మూడు రోజులు మా వెనక గుమ్మంలో తట్ట దించి, అత్తగారితో కాసేపు పేచీ పడి, చేప కోసిచ్చి వెళ్ళేది. ఆ వేళకి నేను ముందు గదిలో రోగుల మధ్య ఉంటాను కాబట్టి ఆమె చేపలు తినడమే గాని ఆమెతో నాలుగు మాటలు మాట్లాడింది లేదు. అలాంటిది ఆ రోజు వెనక గుమ్మం మానేసి, ముందు గుమ్మంలో చీటీ రాయించుకుని, భర్త అప్పన్నతో వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఏమైంది గౌరమ్మా?"

"ఏటో డాక్టరమ్మా, వొల్లంతా బరువుగా ఉంటాది. పొద్దున్న లెగిసీసరికి మొగం ఉబ్బిపోతన్నాది. తట్ట ఎత్తలేకపోతన్నాను. కూకుంటే నిద్దరొచ్చేస్తాది."

"కాళ్ళు వాస్తున్నాయా?"

"వాస్తన్నాయి. మరి, సలి కూడా..."

"జ్వరం ఉందా?"

"జొరం లేదు."

"ఒంటినొప్పుల మాత్రలేమైనా మింగుతున్నావా?"

"కాళ్ళు లాగేస్తే వారానికి ఒకటో రెండో..."

నాకు అది చాలు. నొప్పి మాత్రలు కిడ్నీకి మంచివి కావు. క్రియాటినిన్ పరీక్ష రాశాను. రక్తంలో పోగుపడే ఒక వ్యర్థ పదార్థం అది. కిడ్నీలు సరిగ్గా వడపోయకపోతే పెరుగుతుంది. ఆడవాళ్ళలో ఒకటి దాటకుండా ఉంటే మంచిది. గౌరమ్మకి 1.7 వచ్చింది. మూత్రంలో ప్రొటీన్ పోవడం లేదు. ఇంకో ఊళ్ళో అయితే ఏ డాక్టరయినా అక్కడ కాస్త ఆగి ఆలోచిస్తారు. కానీ మా వైపు కిడ్నీ జబ్బులో మొదట్లో ప్రొటీన్ పెద్దగా పోదు. అది నాకు బాగా తెలుసు. తెలియడమే కొంప ముంచింది.

"కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నాయి గౌరమ్మా. భయపడకు, ఇంకా మొదట్లోనే ఉంది" అన్నాను.

అప్పన్న తల దించుకున్నాడు. "మా అన్నకీ ఇలగే మొదలైనాది" అన్నాడు.

ఉప్పు తగ్గించమన్నాను. నొప్పి మాత్రల జోలికి వెళ్ళొద్దన్నాను. శ్రీకాకుళంలో కిడ్నీ స్పెషలిస్టుకి ఉత్తరం రాసిచ్చాను. ల్యాబులో పరీక్షకి పట్టిన సమయం పోను, నేను ఆమెకి పెట్టింది అంతా కలిపి అయిదు నిమిషాలు ఉండదు. నేను చెప్పినవాటిలో గౌరమ్మ చెవికెక్కింది ఒక్క కిడ్నీ అన్న మాటేనని తర్వాత అర్థమైంది. ఆమె శ్రీకాకుళం వెళ్ళలేదు. ఇంటికి వెళ్ళి మంచమెక్కేసింది.

మార్చి ఆఖర్న ఒక ఆదివారం. క్లినిక్ సెలవు కాబట్టి వెనక వసారాలో ఉన్నాను. చేపల తట్టతో వేరే ఆమె వచ్చింది. గౌరమ్మ తోటికోడలు పోలమ్మ, ఆమెని అప్ప, అంటే అక్క, అని పిలుస్తుంది.

"ఏటే, నువ్వొచ్చినావు? గౌరేదీ?" అని అత్తగారు నిలదీశారు.

"అప్ప ఇంక రాదమ్మా. ఈదులు నాకు ఒప్పసెప్పేసినాది."

ఈ ఒప్పజెప్పడం గురించి చెప్పాలి. వాళ్ళ ఊళ్ళో చేపలమ్మే ఆడవాళ్ళకి ఎవరి వాడుక వీధులు వాళ్ళకి ఉంటాయి. ఒకరి వీధిలో ఇంకొకరు తట్ట దించరు. అమ్మకి చేతకాకపోతే కూతురికో, కోడలికో, తోటికోడలికో పెద్దల ఎదుట అప్పజెబుతారు. ఒకసారి ఇచ్చాక, తీసుకున్నవాళ్ళు తామై వదిలితే తప్ప, తిరిగి అడగడం ఉండదు. గౌరమ్మ ఆ నాలుగు వీధుల్లో ఇరవై ఏళ్ళు తిరిగింది. ఏ ఇంట్లో ముళ్ళు తక్కువున్న చేప కావాలో, ఏ ఇంట్లో తలకాయ కోసం కొట్టుకుంటారో ఆమెకి తెలుసు. అదంతా నా అయిదు నిమిషాల మాటకి వదిలేసుకుంది.

"ఎలా ఉంది ఇప్పుడు?" అని అడిగాను.

"ఏటుంటాది? మాకు సెమట్లు కారిపోతంటే అది దుప్పటి కప్పుకుని కూకుంటాది. సలంట! పలకరిస్తే మగోడి గొంతేసుకుని 'ఊ' అంటాది, అంతే."

"గొంతు ఇప్పుడు పోనాదేటి?" అత్తగారు అందుకున్నారు. "ఇదివరకు అది ఈది మొగలో అరిస్తే నాను ఇక్కడ గిన్నె కడిగి పట్టుకునేదాన్ని. ఏడాదై గుమ్మంలోకొచ్చి పిలిస్తే గాని తెలీటం లేదు. నీకు సెప్పినాను కూడాను అమ్మాయ్. జలుబై ఉంటాదిలే అనేసినావు."

నేను ఆ వసారాలో అలాగే నిలబడిపోయాను. ఎండల్లో చలి. బొంగురుపోయిన గొంతు. ఉబ్బిన మొహం, కూర్చుంటే నిద్ర. మెడిసిన్ చదివే పిల్లలకి పరీక్షలో ఇదే ఇస్తే, కాపీ కొట్టక్కర్లేకుండా అందరూ థైరాయిడ్ అని రాస్తారు. మెడ ముందు భాగంలో ఉండే ఆ చిన్న గ్రంథి పని తగ్గిస్తే ఒళ్ళంతా మందగిస్తుంది. బాగా ముదిరితే క్రియాటినిన్ కూడా పెరుగుతుంది. పైగా 1.7 క్రియాటినిన్‌కి అంత వాపు రాదు. ఇవన్నీ నాకు తెలిసిన విషయాలే. "సలి కూడా..." అని ఆమె చెప్పబోతుంటే జ్వరం ఉందా అని నోరు మూయించింది నేనే. సిగ్గుతో అత్తగారి మొహం చూడలేకపోయాను.

"పోలమ్మా, రేపు గౌరమ్మని తీసుకొస్తావా? నేను సరిగ్గా చూడలేదు. అది కిడ్నీ కాకపోవచ్చు" అన్నాను.

పోలమ్మ తట్ట నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది. నా బుద్ధి చూడండి, ఈమె తీసుకురాదులే అనుకున్నాను. అప్ప బాగుపడితే వచ్చిన వీధులు వదులుకోవాల్సి వస్తుంది కదా అని లెక్క వేశాను. కబురు పంపడానికి ఇంకెవరున్నారా అని ఆ సాయంత్రమంతా ఆలోచించాను.

మర్నాడు తొమ్మిది కాకుండానే పోలమ్మ క్లినిక్ ముందు ఆటో దిగింది. వెనకాల దుప్పటి కప్పుకుని గౌరమ్మ.

"రానంటాదమ్మా! కిడ్నీ అని సెప్పేసినాక ఇంకేటి సూస్తాదంటాది. జుట్టట్టుకుని లాక్కొచ్చినాను" అంది పోలమ్మ. ఆమెని నేను ఎంత తప్పుగా అనుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు కలం పక్కన పెట్టి, "నేనేం అడగను, నువ్వే చెప్పు" అన్నాను. గౌరమ్మ నెమ్మదిగా, బొంగురు గొంతుతో, మధ్యమధ్య ఆగుతూ చెప్పింది. చలి, మలబద్ధకం, ఊడిపోతున్న జుట్టు, నెలసరి ఎక్కువ కావడం. ఏడాదిన్నరగా పోగుపడిన కథ. రమణమ్మ రెండుసార్లు తలుపు తీసి బయట జనం ఉన్నారని సైగ చేసింది. ఉండనీ అన్నాను.

కాలి వాపు మీద బొటనవేలితో నొక్కాను. నీరు పట్టిన వాపయితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. ఇక్కడ పడలేదు. నాడి నిమిషానికి యాభై రెండు. చర్మం చెక్కలా గరుకు. అప్పుడు ఆమెని కుర్చీ మీద మోకాళ్ళు వంచి, పాదాలు వెనక్కి వేలాడేలా కూర్చోబెట్టాను. రిఫ్లెక్స్ హామర్ అని రబ్బరు తల ఉన్న చిన్న సుత్తి ఉంటుంది. మడమ పైనున్న టెండన్ అనే గట్టి పట్టీ మీద దాంతో తట్టితే పాదం టక్కున కదిలి టక్కున వెనక్కి రావాలి. గౌరమ్మ పాదం కదలడం కదిలింది గాని, వెనక్కి మాత్రం అలసిపోయినట్టు నింపాదిగా వచ్చింది. ఇంకో రెండుసార్లు తట్టాను. అంతే.

"అదేటి, అప్ప కాలు నిద్దరోతన్నాది!" పోలమ్మ నోరు తెరిచింది. "నాకొకటి కొట్టు సూద్దాం."

ఆమెనీ కూర్చోబెట్టి తట్టాను. పాదం ఎగిరి నా చేతికే తగిలింది. నెల రోజుల్లో గౌరమ్మ నవ్వడం అదే మొదటిసారని పోలమ్మ చెప్పింది.

టీఎస్‌హెచ్ పరీక్షకి రక్తం పంపించాను. థైరాయిడ్ బద్ధకించినప్పుడు దాన్ని అదిలించడానికి మెదడు కింద గ్రంథి పంపే హార్మోను అది. నాలుగైదుకి మించకూడదు. మర్నాటి సాయంత్రం రిపోర్టులో వంద పైన ఉంది.

"మరి కిడ్నీ?" అంది, రిపోర్టు కోసం మళ్ళీ వచ్చిన గౌరమ్మ.

"థైరాయిడ్ దారికొస్తే అదీ దారికొస్తుందని అనుకుంటున్నాను. రెండు మూడు నెలలు చూడాలి. ఈసారి చూశాకే చెబుతాను."

నేనిచ్చిన థైరాయిడ్ మాత్రని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "ఇంత పెద్ద రోగానికి ఇంత సిన్న మాత్రా?"

"రోజూ వేసుకోవాలి. పొద్దున్నే పరగడుపున, మంచినీళ్ళతో. అరగంట దాకా టీ కూడా తాగకూడదు."

"టీ తాగందే మాకు తెల్లారదు తల్లీ!"

"అరగంట ఆలస్యంగా తెల్లారనీ" అన్నాను.

కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ వచ్చాను. మే నెలకి దుప్పటి పోయింది. జూన్ మొదట్లో మొహం మీద వాపు తీసి, లోపలి గౌరమ్మ బయటికొచ్చింది. క్రియాటినిన్ 0.9. ఆ రిపోర్టు పట్టుకుని నేను లోపలికి పరిగెత్తి అత్తగారికి చూపించాను. ఆవిడకి దాని తలా తోకా తెలియదు. అయినా నా సంతోషం చూసి సంతోషించారు.

కథ సుఖాంతమైందనుకున్నాను. వారం తిరక్కుండా తోటికోడళ్ళిద్దరూ మళ్ళీ వచ్చారు. ఈసారి ఒంట్లో బాగులేక కాదు.

"ఊల్లో ఎవులూ నమ్మటం లేదమ్మా" అంది పోలమ్మ. "కిడ్నీ వొచ్చినోలు బాగుపడతారేటి, మందు జోరు మీద తిరగతన్నాది, నాలుగు నెల్లకి మల్లీ పడిపోతాది అంటన్నారు. నాను ఈదులు తిరిగిచ్చేస్తానన్నా పెద్దలు ఒప్పుకోటం లేదు."

సంగతి ఏమిటంటే, ఏటా రెండు నెలలుండే చేపల వేట నిషేధం ముగిసి పడవలు మళ్ళీ సముద్రంలోకి దిగే రోజులవి. ఆ ముందర వాళ్ళ ఊళ్ళో పెద్దలు కూర్చుని ఎవరి వీధులు ఎవరివో ఖాయం చేస్తారు. సగంలో పడిపోయే మనిషికి వీధులిస్తే పక్క ఊరివాళ్ళు వచ్చి తట్ట దించేస్తారని వాళ్ళ భయం. ఆ రోజు దాటిపోతే గౌరమ్మకి ఆ వీధులు ఇక లేనట్టే. ఇరవై ఏళ్ళ వాడుక. నేను చెప్పిన ఒక్క పేరు ఆమె ఒంట్లోంచి పోయినా ఊళ్ళోంచి పోలేదు.

"కిడ్నీ లేదని ఒక కాగితం రాసియ్యమ్మా" అన్నారు.

దానికేం అని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు గీకి ఇచ్చాను. పోలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇది మావోల్లు ఎవులు సదువుతారు? తెలుగులో రాయి. ముందర కిడ్నీ అన్నావు గదా, అది తప్పని కూడా రాయి. లేపోతే శ్రీకాకులం డాక్టరికి రాసిచ్చిన ఆ పాత చీటీ ముందరెట్టి అడుగుతారు."

నా చెయ్యి ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళ పేరు. నా సంతకంతో, స్టాంపుతో, నేను తప్పు చేశానని ఒక కాగితం ఊళ్ళ వెంట తిరగడం. రమణమ్మ ఫ్యాను వైపు చూస్తోంది. "రేపు రాస్తాలే" అన్నాను. అలా అన్నప్పుడు రేపు అంటే ఏమిటో నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

గౌరమ్మ లేచింది. "పోనీలే పోలీ, లెగు. డాక్టరమ్మ పేరు పోతాది. నాకు బాగైనాది గదా, అదే పదేలు."

నా వల్ల పోయిన వీధులు ఆమెవి. దాచుకుంటున్న పేరు నాది. అయినా ఆ మనిషి నా పేరు గురించి ఆలోచిస్తోంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. కూర్చోమని చెప్పి తెల్లకాగితం తీశాను.

"ఫిబ్రవరిలో నేను గౌరమ్మను సరిగ్గా పరీక్షించకుండా ఆమెకు కిడ్నీ జబ్బు ఉందని చెప్పాను. అది నా పొరపాటు. ఆమెకు ఉన్నది థైరాయిడ్ లోపం. ఇప్పుడు ఆమె కిడ్నీలు బాగున్నాయి. రోజూ ఒక మాత్ర వేసుకుంటూ ఆమె అందరిలాగే పని చేసుకోగలదు." కింద సంతకం చేసి, స్టాంపు గట్టిగా గుద్దాను. పోలమ్మ కూడబలుక్కుంటూ ఒకసారి చదివి, బాగుందన్నట్టు తలాడించి, మడిచి రొంటిన దోపుకుంది.

రెండు రోజుల తర్వాత రోగుల మధ్య ఉండగా ఫోన్ వచ్చింది. ఎవరో పెద్దమనిషి గొంతు. వెనక జనం గోల.

"అమ్మా, ఈ కాగితం నువ్వే రాసినావేటి? ఏ డాక్టరైనా తప్పైనాదని రాస్తాడేటి, ఇది దొంగ కాగితమని కొందరంటన్నారు."

"నేనే రాశాను."

"తప్పని?"

"తప్పేనండీ."

"సరే అయితే" అని పెట్టేశాడు. ఎదురుగా కూర్చున్న రోగి నన్ను వింతగా చూశాడు. నాకు మాత్రం ఒళ్ళు తేలికైంది.

గౌరమ్మ వీధులు గౌరమ్మకి వచ్చాయి. మూడే తీసుకుని, నాలుగోది పోలమ్మకి ఉంచేసింది. నా పేరు ఏమీ పోలేదు. పైగా ఆ వారంలోనే వాళ్ళ ఊరి నుంచి పాత రిపోర్టులు కవర్లలో పెట్టుకుని అయిదుగురు ఆడవాళ్ళు వచ్చారు. మాకూ మళ్ళీ సూడమ్మా అన్నారు. అందరినీ మొదలంటా చూశాను. నలుగురికి నిజంగానే కిడ్నీ జబ్బు. వాళ్ళకి గౌరమ్మకిచ్చినట్టు కాగితం ఇవ్వలేకపోయాను, స్పెషలిస్టు దగ్గరికి నేనే వెంటపడి పంపించాను. అయిదో ఆమెకి ఉన్నది రక్తహీనత. ఆమె భర్త మా గుమ్మంలో కూలబడి, సంతోషం పట్టలేక ఏడ్చాడు.

ఒక ప్రాంతంలో ఏ జబ్బు ఎక్కువో తెలిసి ఉండటం డాక్టరుకి అవసరమే. కాని ఎదుటి మనిషికి ఆ జబ్బే ఉందనడానికి అది సాక్ష్యం కాదు. ఇప్పుడు నేను జబ్బు పేరు రాసే ముందు, ఇది కాకపోతే ఇంకేమిటి అని రెండు పేర్లు పక్కన రాసుకుంటున్నాను. రోజుకి చూసేవాళ్ళ సంఖ్య తగ్గింది. రమణమ్మ సణుగుడు పెరిగింది.

ఆ ఆగస్టులో గౌరమ్మ చెకప్‌కి వచ్చినప్పుడు, ఎన్నాళ్ళుగానో లోపల ఉన్నది అడిగేశాను. "నా మీద కోపం రాలేదా గౌరమ్మా?"

"కోపమేటమ్మా" అంది. కాస్త తటపటాయించి, "ఒకటి సెప్తాను, ఏటనుకోకు. సేప తాజాదో కాదో మేం మొప్ప ఎత్తి సూడకుండా సెప్పం. పైకి నిగనిగలాడతా లోపల కుల్లిపోయినవుంటాయి. పైకి నలిగిపోయి లోపల ఎర్రగా ఉన్నవీ ఉంటాయి. నువ్వు మొగం సూసి సెప్పేసినావు."

ఆమె మాత్రల చీటీ తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత లోపలికొచ్చిన ఆయన మొహం ఉబ్బి ఉంది. ఒక పేరు నా నాలిక చివరికి వచ్చేసింది కూడా. దాన్ని మింగేసి, కుర్చీ ఆయన దగ్గరికి లాక్కున్నాను.

"మొదటి నుంచి చెప్పండి బాబూ" అన్నాను.